తొమ్మిదో ముక్క

ఇరవై ఆరేళ్లు సినిమా హాల్లో పనిచేసి, ఒక్క సినిమా కూడా సాంతం చూడని మనిషి ఉంటుందంటే ఎవరూ నమ్మరు. టార్చక్క అలాంటి మనిషే. గేటు దగ్గర టికెట్లు చింపుతుంది. దీపాలు ఆరాక టార్చి వేసి, ఆలస్యంగా వచ్చినవాళ్లని లోలోపల తిట్టుకుంటూ తీసుకెళ్లి సీట్లలో కూర్చోబెడుతుంది. ఆ పని అయ్యాక తెర పక్కనున్న తలుపు దగ్గరికి వెళ్లి, గోడకి వీపు ఆనించి, జనం వైపు తిరిగి నిలబడుతుంది. తెర మీద ఎవరు ఎవర్ని చంపారో, ఎవరు ఎవర్ని పెళ్లాడారో ఆమెకి అనవసరం. ఆ వెలుగు పడ్డ మొహాల్లో ఏం జరుగుతోందన్నదే ఆమెకి కావాలి.

అలా చూసీ చూసీ ఆమెకి ఒక విద్య అబ్బింది. నవ్వు ఏ వరసలో పుట్టింది, ఎంతదాకా పాకింది, పక్కవాడు నవ్వాడని నవ్వేదేది, ఆపుకోలేక నవ్వేదేది, కళ్లు మూసుకుని చెప్పేస్తుంది. జలుబు దగ్గు వేరు, విసుగు దగ్గు వేరు. చెప్పు కాలికి తగిలించుకుంటున్న చప్పుడు వినగానే, ఇంకో రెండు నిమిషాల్లో ఈ మనిషి లేస్తాడని ఆమె కాళ్లు పక్కకి తీసుకుంటుంది.

ఈ విద్య సంగతి మేనేజరు కనిపెట్టాడు. విడుదలకి ముందు జనాన్ని ఊరికే పిలిచి చూపించే ఆటలు ఆ హాల్లోనే ఎక్కువగా వేస్తారు. అలాంటి ఆటలప్పుడు ఒక తెల్ల కాగితం, పెన్సిలు ఆమె చేతికిచ్చేవాడు. చిన్న నవ్వుకి ఒక గీత. హాలంతా నవ్వితే రెండు. సీట్లు చరిచి నవ్వితే మూడు. దగ్గులకి సున్నా. లేచి వెళ్లిపోతే అడ్డగీత. ఆట అయ్యాక ఆ చీటీ చూసుకుని సినిమావాళ్లు ఏం ఉంచాలో ఏం కోయాలో తేల్చుకునేవాళ్లు. మేనేజరు సొంత బావమరిది సినిమా తీసినప్పుడు కూడా వరసగా సున్నాలు చుట్టి ఇచ్చింది. ఆ బావమరిది రెండేళ్లు ఆమెతో మాట్లాడలేదు. సినిమా మాత్రం రెండు రోజులే ఆడింది. అప్పట్నుంచి టార్చక్క చీటీ అంటే చీటీయే.

ఆమె పెట్టిన షరతు ఒక్కటే. సినిమాతో సంబంధమున్న ఒక్క పురుగు కూడా ఆ ఆటకి లోపల ఉండకూడదు. వాళ్ల జోకులకి వాళ్లే నవ్వుకుని లెక్క చెడగొడతారు.

టార్చక్క భర్త అదే హాల్లో ఆపరేటరు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. మెషిన్ గది గుమ్మం ఆయన నుదురుని ఎన్నిసార్లు పలకరించిందో లెక్కలేదు. ఏ మంచమూ ఆయనకి చాలేది కాదు. కాళ్లు బయట పెట్టుకుని పడుకుని, "నన్ను కన్నవాళ్లు కొలతలు చూసుకోలేదే" అని తనమీద తనే వేసుకునేవాడు. ఆ ఇంట్లో నవ్వని పూట ఉండేది కాదు. పదేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం ఆట మధ్యలో గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రికి చేరేసరికే అంతా అయిపోయింది.

ఆసుపత్రి వెనక గేటు దగ్గర, ఇంటికి తీసుకెళ్లడానికి వ్యాను ఎక్కించారు. తలుపు పడలేదు. పాదాలు అడ్డం. ఐమూలగా జరిపారు. అయినా పడలేదు. మూడోసారి ప్రయత్నిస్తున్నప్పుడు, రోజూ బతికున్న రోగుల్ని తిప్పే ఆ డ్రైవరు, పాపం అలవాటు కొద్దీ, ఎంతో మర్యాదగా అన్నాడు: "సార్, కాస్త కాళ్లు ముడుచుకోండి సార్."

టార్చక్కకి నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు. లోపల్నుంచి తన్నుకొచ్చే నవ్వు. చేతిలో ఉన్న తువ్వాలు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరిపడ్డాయి. అత్తగారి వైపు వాళ్లంతా అక్కడే ఉన్నారు. అప్పుడు మరిది వచ్చి ఆమె తల తన భుజానికి అదుముకుని, "ఏడవనివ్వండి, ఎవరూ దగ్గరికి రాకండి" అని అందర్నీ వెనక్కి పంపాడు. అతనికి తెలుసు. భుజం మీద పడింది ఏడుపు కాదని అతనొక్కడికే తెలుసు.

ఆ తర్వాత ఆమె ఎంత ఏడ్చిందన్నది వేరే సంగతి. కానీ ఆ నవ్వు మాత్రం ఆమె దాచుకుంది. ఆయన బతికుంటే ఆ డ్రైవరు మాటకి మొదట నవ్వేది ఆయనే, తను తర్వాత. ఈసారి ఆయన వంతు కూడా తనే నవ్వింది. మొగుడూ పెళ్లాల మధ్య జరిగిన చివరి ముచ్చట అది. మరిది పదేళ్లలో ఒక్కసారి కూడా ఆ ఊసు ఎత్తలేదు. అందుకే అతనంటే ఆమెకి కడుపున పుట్టినవాడంత ప్రేమ. చిన్నోడా అనే పిలుస్తుంది. నలభై ఏళ్లొచ్చినా చిన్నోడే.

చిన్నోడు నాటకాలాడి, నాటకాలు రాసి, ఎవరెవరి గుమ్మాలో పట్టుకుని నాలుగేళ్లు తిరిగి ఒక సినిమా తీశాడు. అందులో కథ లేదు, హీరో లేడు. పద్నాలుగు ముక్కలు. దేనికదే. ఉన్న పని ఒక్కటే, పెద్దా చిన్నా చూడకుండా అందర్నీ ఉతికి ఆరేయడం. నిడివి మాత్రం మరీ ఎక్కువైంది. అయిదు ముక్కలు తీసేస్తే గానీ హాళ్లవాళ్లు ఒప్పుకోమన్నారు.

"ఏ అయిదో నువ్వే చెప్పాలి వదినా" అన్నాడు ఆ ఆదివారం పొద్దున. మొహంలో రక్తం లేదు. "ఇది తన్నిందంటే నన్ను మళ్లీ ఎవడూ గుమ్మం ఎక్కనివ్వడు. నాకింక ఓపిక కూడా లేదు."

"ఈ ఒక్కసారికి నా షరతు పక్కన పెడతాను, లోపలికి వచ్చి నువ్వే చూసుకోరాదూ?"

"నా వల్ల కాదు. ఒక్కడు ఆవులించినా నాకు అక్కడికక్కడే గుండె ఆగిపోతుంది."

వెళ్లి, ఆవరణకి అవతలున్న మేనేజరు గదిలో తలుపేసుకుని, ఫ్యాను పెద్దది చేసుకుని, రెండు చెవులూ మూసుకుని కూర్చున్నాడు.

హాల్లో నూట ఎనభై మంది. మొదటి ముక్కకి కుదురుకున్నారు. రెండో ముక్కలో ఒక జడ్జి కునుకు తీస్తూ, నిద్రలో తనకి తనే యావజ్జీవం వేసుకుని, భోజనానికి వెళ్లిరావడానికి బెయిలు అడుగుతాడు. మూడో వరసలో కోర్టు గుమాస్తాగా రిటైరైన పెద్దాయన ఒకడు చివ్వున లేచాడు. "ఏం పోయేకాలం వచ్చిందయ్యా మీకు! కోర్టంటే ఆటలుగా ఉందా!" అని చేతికర్ర ఆడిస్తూ తలుపుదాకా వచ్చాడు. టార్చక్క అడ్డగీత గీయబోయింది. ఆయన చివరి తిట్టు తిట్టడానికి వెనక్కి తిరిగాడు. సరిగ్గా అప్పుడే జడ్జి బెయిలు అడిగాడు. పెద్దాయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయి, తర్వాత ఆమె భుజం ఆసరా పట్టుకుని మరీ నవ్వాడు. ఇంకో రెండు ముక్కలు నిలబడే చూసి, ఏమీ ఎరగనట్టు వెళ్లి తన సీట్లో కూర్చున్నాడు.

మూడోది గొడుగు మీద ఉపన్యాసం. నాలుగు సున్నాలు. నాలుగోది మంత్రిగారు వీధి మరుగుదొడ్డి ప్రారంభించడం. రిబ్బను కోశాక, "మొదటి వినియోగం కూడా తమరి చేతుల మీదుగానే" అంటారు. బయట బ్యాండు, విలేఖర్లు. లోపల మంత్రికి రాదు. ఈ ముక్కకి సీట్లు విరిగినంత పనైంది. వస్తూ వస్తూనే పోట్లాడుకున్న ఒక జంట, చెరో పక్కకి తిరిగి కూర్చున్నవాళ్లు, ఒకరి తొడ ఒకరు చరుచుకున్నారు. ఏడో ముక్కలో రక్తం చూసి కళ్లు తిరిగి పడ్డ డాక్టరుకి, కత్తి కింద పడుకున్న రోగే లేచి నీళ్లు చల్లి, మళ్లీ వెళ్లి పడుకుంటాడు. ఎనిమిదో ముక్కలో ఇద్దరు బట్టతలవాళ్లు దువ్వెన కోసం తొమ్మిది నిమిషాలు తగువులాడతారు. జనం దగ్గి దగ్గి అలిసిపోయారు. మొత్తమ్మీద చిన్నోడు గట్టెక్కాడని టార్చక్కకి అర్థమైంది. సంతోషం పట్టలేక చీటీ మీద గీతలు మామూలు కంటే పొడుగ్గా లాగింది. ఆ మాట కూడా నిజమే, దాచడం ఎందుకు?

అప్పుడు వెనక తెరమీద నుంచి వినిపించింది. "సార్, కాస్త కాళ్లు ముడుచుకోండి సార్."

టార్చక్క తెర వైపు తిరిగింది.

వ్యాను. దుప్పటి కింద పొడుగాటి మనిషి. పక్కన ఆడమనిషి. తువ్వాలు నోట్లో ఎడమవైపు నుంచి కుక్కుకుని, కుడి మడమని నేలకేసి రాస్తోంది. అలా మడమ రాసిన సంగతి టార్చక్కకే గుర్తులేదు. ఇప్పుడు చూస్తుంటే గుర్తొచ్చింది. అది చూడగలిగినంత దగ్గరగా ఆ రోజు ఉన్నవాడు ఒక్కడే. తెర మీద ఆ నవ్వు డ్రైవరుకి అంటుకుంది, నర్సుకి అంటుకుంది, కాన్పుకొచ్చిన వాళ్లకి అంటుకుంది, చివరికి దుప్పటి కింద శవం భుజాలు కూడా ఎగిరిపడ్డాయి. హాలు హాలంతా పడి పడి నవ్వింది. కోర్టు పెద్దాయన కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఒకామె, "అమ్మో, నా వల్ల కాదు, ఆపండర్రా" అని పొట్ట పట్టుకుంది.

టార్చక్కకి నడివీధిలో ఎవరో తన పెట్టె తెరిచి, చీరలన్నీ ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తున్నట్టనిపించింది. ఒళ్లు మండింది. ఆ మంట నెత్తికెక్కి, అక్కడ చల్లబడి, గట్టిపడింది. ఆరోజు భుజమిచ్చాడని పదేళ్లు దండం పెట్టుకుంది. వాడు భుజమిచ్చి కొలతలు తీసుకున్నాడన్నమాట.

మిగతా అయిదు ముక్కలకీ చెయ్యి దానంతటదే గీతలు గీసింది. ఆట అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, టికెట్ల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

తొమ్మిదో ముక్కకి సున్నాలు చుడితే పోయేది. వాడు కోసేసేవాడు. లేదా, వదిన తన సంగతని అబద్ధం రాసిందని అనుమానపడేవాడు. అనుమానపడకపోయినా, వాడికి పోయేది ఎంత? పద్నాలుగులో ఒకటి. తనకి ఉన్నదే ఒకటి. ఈ లెక్క ఆమెకి నచ్చలేదు. వాడికీ ఉన్నదంతా పోవాలి.

చీటీ చింపేసి కొత్త కాగితం తీసింది. జడ్జికి సున్నాలు. మంత్రికి సున్నాలు, రెండు అడ్డగీతలు. డాక్టరుకి సున్నాలు. పదకొండుకీ పదమూడుకీ సున్నాలు. గొడుగు ఉపన్యాసానికి రెండేసి గీతలు. దువ్వెన తగువుకి మూడేసి. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి అబద్ధం రాస్తున్నా చేతిరాత ఎక్కడా వంకర పోలేదు. చివరికి తొమ్మిదో ముక్క మిగిలింది. అక్కడ ఆమె నిజం రాసింది. మూడు గీతలు, మళ్లీ మూడు, మళ్లీ మూడు. ఆ ఒక్క నిజం చూశాక వాడు మిగతా వాటిని అనుమానించడు. దానికోసం తన నవ్వు ఊరూరా తెరమీద ఆడినా సరేననుకుంది. పంతం అలాంటిది.

చిన్నోడు చీటీ రెండుసార్లు చదివాడు. "జడ్జి ముక్కకి కూడా సున్నాయేనా? నవ్వులు లీలగా వినిపించినట్టే ఉందే."

"వినిపించి ఉంటుంది. దువ్వెనకి."

"దువ్వెన తీసేద్దామనుకున్నాను వదినా!"

"జనం మనసు మనకేం తెలుసురా?"

అతని వేలు తొమ్మిదో వరస దగ్గర ఆగింది. తల ఎత్తేసరికి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "నీ సంగతి తీసుకెళ్లి తెరమీద పెట్టాను. అయినా నిజమే రాశావు. నీకెలా చెప్పాలో తెలియక..." అని చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"బాగా తీశావు" అంది టార్చక్క. వాడి కన్నీళ్లు చూసి జాలి పడలేదు. ఇంకా ఏడవాలి, నలుగురిలో ఏడవాలి అనుకుంది.

రెండు వారాలు ఆమెకి పండగే. అన్నం సయించింది, నిద్ర పట్టింది. గోడకి అంటించిన పోస్టరు పక్కనుంచి వెళ్తూ, దాని మూల ఊడితే తనే అరచేత్తో అదిమేది. ఎంతమంది వస్తే అంత మంచిది.

విడుదల రోజు పొద్దుటాటకి హాలు నిండింది. చిన్నోడు కొత్త చొక్కా వేసుకొచ్చాడు. "ఈసారి లోపలే కూర్చుంటాను వదినా. నీ చీటీ ఉందిగా, భయం లేదు" అన్నాడు. టార్చక్క స్వయంగా టార్చి వేసి తీసుకెళ్లి, హాలు నడిమధ్య వరసలో, మధ్య సీట్లో కూర్చోబెట్టింది. అటు పన్నెండు మంది, ఇటు పన్నెండు మంది. లేచి పారిపోవడానికి దారి లేదు.

గొడుగు ఉపన్యాసం మొదలైంది. ఒకడు దగ్గాడు. ఇంకొకడు అందుకున్నాడు. ఆమె గోడకి ఆనుకుని ఒక్క మొహమే చూస్తోంది. ముందు చిన్నోడు పెదాలమీద నవ్వు పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. అయిదు నిమిషాలకి ఆ నవ్వు పెదాల మీదే ఎండిపోయింది. దువ్వెన తగువు వచ్చేసరికి చెప్పులు తొడుక్కుంటున్న చప్పుళ్లు నాలుగు వైపులనుంచీ వినిపించాయి. "లేవండి, పోదాం. దీనికంటే ఇంట్లో గోడ చూడ్డం నయం" అన్నాడొకడు, చిన్నోడి మోకాళ్లు రాసుకుంటూ వెళ్లిపోతూ. చిన్నోడు కాళ్లు వెనక్కి లాక్కుని దారిచ్చాడు. ఆమెకి కడుపు నిండినట్టయింది. ఆ మాట ఆమె ఎవరి దగ్గరైనా ఒప్పుకుంటుంది.

ఇక తన ముక్క రావాలి. మిగిలినవాళ్లయినా దానికి నవ్వుతారు. పళ్లు బిగించి, ఆ నవ్వుని తట్టుకోవడానికి సిద్ధంగా నిలబడింది.

రాలేదు. దువ్వెన అయిపోగానే పదో ముక్క మొదలైంది. ఆమె తెర వైపు తిరిగి చూసింది. పదో ముక్కే. ఆ తర్వాత పన్నెండు. ఆ తర్వాత పద్నాలుగు. దీపాలు వెలిగాయి.

జనం తిట్టుకుంటూ బయటికి పోయాక, చిన్నోడు అదే సీట్లో కూర్చుని ఉన్నాడు. ఆమె వరస చివర నిలబడింది.

"తొమ్మిదోది ఏదిరా?"

"తీసేశాను" అన్నాడు. "నువ్వంత నిజాయితీగా రాసిచ్చాక కూడా దాన్ని ఉంచితే నేను మనిషినేనా? అదొక్కటీ నా అంతట నేనే కోశాను. కాపీ కూడా ఉంచుకోలేదు. మిగతావన్నీ నువ్వు చెప్పినట్టే." ఖాళీ సీట్ల వంక చూశాడు. "అది ఉంచి ఉంటే గట్టెక్కేవాణ్నేమో. పోనీలే. అన్నయ్య ముందు నేను తప్పు చేసినవాణ్ని కాకుండా పోయాను."

ఇప్పుడు టార్చక్క ఊరుకుంటే ఆ చీటీ సంగతి ఎవరికీ తెలియదు. అయినా చెప్పింది. దాచుకుని బతికే మనిషి కాదు.

"ఆ చీటీ అబద్ధం. జడ్జికి పడి పడి నవ్వారు. మంత్రికి సీట్లు విరగ్గొట్టారు. దువ్వెనకి ఒక్కడూ నవ్వలేదు. కావాలనే రాశాను."

తిడతాడేమోనని ఎదురుచూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

"తీసెయ్యమని ఒక్క మాట అడిగుంటే ఆరోజే తీసేసేవాణ్ని కదా వదినా."

"అడగాల్సింది నేనా?" అంది. హాలంతా మోగింది ఆ గొంతు. "మీ అన్నయ్య, నేను, ఆ వ్యాను. మా ఇద్దరిదీరా అది. తీసేముందు వచ్చి అడగాల్సింది నేనా, నువ్వా?"

అతను లేచి, కొత్త చొక్కా ముడతలు సరిచేసుకుని, పక్క తలుపులోంచి వెళ్లిపోయాడు. నాలుగో రోజుకి పోస్టరు మీద ఇంకో పోస్టరు పడింది.

ఆ వారంలోనే మేనేజరు ఆమెని పిలిచాడు. "మన చీటీ ఎప్పుడూ తప్పలేదే, ఏమైందని మీ మరిదిని అడిగానమ్మా. చీటీలో తప్పేం లేదండీ, నేనే సరిగ్గా కోయలేకపోయాను, మా వదిన పేరు మాత్రం ఎక్కడా అనకండి అన్నాడు. మంచివాడు."

ఆ మాటకి టార్చక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. అంత కక్ష కట్టి అంత పని చేస్తే, వాడు పోతూ పోతూ ఆమె పరువు తన చేతుల్లో పెట్టుకుని పోయాడు. ఇంక జీవితాంతం వాడి దయ మీద మంచిమనిషిగా బతకాలన్నమాట. ఛీ, ఆ బతుకు ఆమెకి అక్కర్లేదు.

"వాడు చెప్పింది అబద్ధం" అంది. "చీటీయే తప్పు. నేనే తప్పు రాశాను. తెలిసే రాశాను."

మేనేజరు గది తలుపు దగ్గరికి వేసి, "ఇది బయటికి పొక్కితే నీ చీటీ మళ్లీ ఎవరూ నమ్మరమ్మా" అన్నాడు.

"నమ్మొద్దు."

చిన్నోడు ఇప్పుడు ఒక నాటక సంఘంలో కుర్రాళ్లకి మాటలు నేర్పుతున్నాడని విన్నది. ఆమె వెళ్లలేదు, అతను రాలేదు. తప్పు చేశావా అంటే చేశానంటుంది. వాడు చేసింది తప్పు కాదా అంటే మాత్రం ఇప్పటికీ కొట్టేంత పని చేస్తుంది.

ముందుగా చూపించే ఆటలు ఆ హాల్లో ఇంకా వేస్తున్నారు. కాలేజీ చదివిన ఇద్దరు వస్తారు, అచ్చువేసిన కాగితాలు పట్టుకుని. వెనక వరసలో కూర్చుని తెరవైపే చూస్తారు. జనం నవ్వినప్పుడు వాళ్లూ నవ్వుతారు, నవ్వు అయ్యాక రాసుకుంటారు. టార్చక్క తన గోడకి ఆనుకుని మొహాలు చూస్తూనే ఉంటుంది. ఏ వరసలో నవ్వు పుట్టిందో, ఎక్కడ చచ్చిందో ఆమెకి తెలుసు. ఆమెని ఎవరూ అడగరు.